మంచుకొండల నల్లనాచు రికార్డులు

స్కాట్లాండ్ కొండల్లోనో, నార్వే గుట్టల మీదో నడిచేవాళ్లకు గ్రానైటు బండల మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు కనిపిస్తాయి. పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా ఉంటాయవి. రాయి రంగే అంత అనుకుని చాలామంది అడుగేసి వెళ్లిపోతారు. గోటితో గీకి చూస్తే పెళుసుగా విరిగి పొడిపొడిగా రాలుతుంది. అది రాయి కాదు, మసీ కాదు, మొక్క. దానికి పువ్వూ గింజా లేవు, నిజమైన వేళ్లూ లేవు. ఆకులు మాత్రం ఉన్నాయి, ఒక్కోటీ మిల్లీమీటరు అటూ ఇటూ. చెరువు మీద తేలే పచ్చటి నాచుతో దీనికి చుట్టరికం చాలా దూరం. వానాకాలంలో మన ప్రహరీగోడల మీద మెత్తగా మొలుస్తుందే, ఆ నాచుకు మాత్రం ఇది బంధువు.

దీని శాస్త్రీయనామం ఆండ్రియేయా. 18వ శతాబ్దంలో జర్మనీలోని హానోవర్‌లో మందుల దుకాణం నడిపిన యోహాన్ గెర్హార్డ్ రైన్‌హార్డ్ ఆండ్రియే పేరు మీద వచ్చింది. నాచుమొక్కల పేర్లకు నేటికీ మూలగ్రంథంగా చెల్లుతున్న యోహాన్ హెడ్విగ్ పుస్తకం 1801లో, ఆయన పోయిన రెండేళ్లకు అచ్చయింది. ఈ నల్లనాచు అందులోనే ఉంది. ఇప్పుడు ఈ ప్రజాతిలో సుమారు 100 జాతులు లెక్కకు వస్తున్నాయి. దాదాపు అన్నీ చలిప్రాంతాల రాళ్లనే పట్టుకుని బతికేవి.

రికార్డులంటే మనకు ఎత్తు, బరువు, వేగం గుర్తొస్తాయి. ఆ మూడింట్లోనూ ఈ నాచులకు కనీసం కన్సొలేషన్ బహుమతి కూడా రాదు. ఎంతసేపు ఆగగలవన్న పోటీ పెడితే మాత్రం ఏనుగులూ, తిమింగలాలూ, మహావృక్షాలూ పక్కకు తప్పుకోవాల్సిందే.

నాలుగు చీలికల లాంతరు

ముందు దీని నిర్మాణం చూద్దాం, ఎందుకంటే నాచుల్లోనే ఇది వేరు. మామూలు నాచుకు సన్నటి కాడ, కాడ చివర చిన్న గుళిక, గుళికకు మూత ఉంటాయి. మూత ఊడితే లోపల పళ్లవరుస, ఆ పళ్ల సందుల్లోంచి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు బయటికొస్తాయి. ఆండ్రియేయాకు మూతా లేదు, పళ్లూ లేవు. గుళిక గోడకే పైనుంచి కిందికి నాలుగు నిలువు చీలికలు పడతాయి. కొసన, అడుగున మాత్రం అతుక్కునే ఉంటాయి. గాలి పొడిగా ఉన్నప్పుడు గుళిక నిలువున కుంచించుకుని పొట్ట ఉబ్బుతుంది, చీలికలు తెరుచుకుంటాయి, బీజాలు గాలికి పోతాయి. తడి తగిలిందా, గుళిక మళ్లీ సాగి చీలికలు మూసుకుంటాయి. భూతద్దం కింద పెట్టి ఒక్క నీటిచుక్క వేస్తే ఈ వ్యవహారమంతా కళ్లముందే జరుగుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని లాంతరునాచు అనడానికి కారణం ఇదే. ఆ లాంతరు ఎత్తు మాత్రం ఒక మిల్లీమీటరుకు మించదు.

ఇంకో వింత, ఆ గుళికకు సొంత కాడ లేదు. కింద ఉన్న తల్లిమొక్కే తన కొసను సాగదీసి గుళికను పైకెత్తుతుంది. ఈ పద్ధతి మళ్లీ బురదనేలల్లో పెరిగే స్ఫాగ్నం నాచులో కనిపిస్తుంది.

రాతిని పట్టుకోవడంలోనూ దీని దారి దీనిదే. చాలా నాచుల బీజం మొలిస్తే సన్నటి దారం వస్తుంది. దీని బీజం మొలకెత్తకముందే తన గోడ లోపలే కణాలుగా చీలిపోయి, బయటికొచ్చాక పలకలా పరుచుకుని రాతికి అంటుకుంటుంది. పెనుగాలులు కొట్టే బండ మీద దారంతో వేలాడటం కంటే పలకలా అతుక్కోవడం మేలని వేరే చెప్పక్కర్లేదు.

దీనికి దూరపు తోబుట్టువు ఒకటుంది. పేరు ఆండ్రియోబ్రయం. ఉత్తర అలాస్కా, కెనడా ప్రాంతాల నుంచి విలియం స్టీర్, బార్బరా మర్రే 1976లో లోకానికి పరిచయం చేశారు. అదీ ముదురు రంగుదే, అదీ రాతి మీదిదే, కాకపోతే గ్రానైటు బదులు సున్నపురాయి దానికిష్టం. నాచుల వర్గీకరణలో ఒక తరగతి మొత్తానికి ఇదొక్కటే జాతి. క్లాసులో ఒక్కడే విద్యార్థి కాబట్టి ఫస్టు ర్యాంకూ దానిదే, లాస్టు ర్యాంకూ దానిదే.

నలుపు పని

ఈ నాచులు నల్లగా, ముదురు ఎరుపుగా ఉండటం అందం కోసం కాదు. ఎత్తైన కొండల మీదా, ధ్రువాల దగ్గరా చెట్టు నీడ ఉండదు. వేసవిలో ఆర్కిటిక్‌లో సూర్యుడు అస్తమించడు. కణాల గోడల్లో పేరుకున్న రంగు అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది, దాంతోపాటు వేడినీ పట్టుకుంటుంది. అంటార్కిటికాలో గాలి సున్నా డిగ్రీల దగ్గరున్నా, ఎండ తగిలిన నాచు ఉపరితలం 20 డిగ్రీలు దాటడం మామూలే. పైన మనిషి వణుకుతుంటే, కాలికింద బండ మీద నాచు మన శీతాకాలపు మధ్యాహ్నంలో ఉంటుందన్నమాట. అగ్నిపర్వతాన్నే హీటరుగా వాడుకునేవి కూడా ఉన్నాయి. అంటార్కిటికాలోని మౌంట్ మెల్బోర్న్ శిఖరం దగ్గర, సుమారు 2,700 మీటర్ల ఎత్తులో, ఆవిరి చిమ్మే నేల మీద కాంపిలోపస్ అనే నాచు బతుకుతోంది. చుట్టూ ఉన్నదంతా మంచే.

అయినా పెరుగుదల నత్తనడకే. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. దీన్ని కొలిచిన తీరు వినదగ్గది. 1950లు, 60లలో అగ్రరాజ్యాలు చేసిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది. అప్పటి గాలి పీల్చి పెరిగిన నాచుకాడలో ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలోని వొల్లోంగాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ రాబిన్సన్ బృందం, కాడలో ఆ గుర్తు ఎక్కడుందో వెతికి, అక్కడినుంచి కొసదాకా కొలిచింది. బాంబులు ఇలా స్కేలుబద్దగా పనికొస్తాయని వాటిని పేల్చినవాళ్లు ఊహించి ఉండరు.

ఎన్నాళ్లు ఆగగలదు?

అసలు విశేషం ఇక్కడుంది. మనకు ఒంట్లో నీరు కొంచెం తగ్గితే ఆసుపత్రి. రాతినాచు నీరంతా పోగొట్టుకుని కరకరలాడే స్థితికి వచ్చినా చచ్చిపోదు. కణంలోని పనులన్నీ ఆపేసి కూర్చుంటుంది. తడి తగిలితే నిమిషాల్లో మళ్లీ పని మొదలు. రోజూ జరిగే ఈ చిన్న ఆగిపోవడమే పెద్ద రికార్డులన్నిటికీ పునాది.

పదేళ్లతో మొదలుపెడదాం. గ్రిమ్మియా లేవిగేటా అనే బండనాచు పదేళ్లు హెర్బేరియం కవర్లో ఎండిపోయి ఉన్నాక తడిపితే మళ్లీ పెరిగింది. సింట్రిక్యా రూరాలిస్ అనే నాచు ఈ అంకెను రెట్టింపు చేసి 20 ఏళ్లు దాటించింది. పామీర్, టిబెట్‌ల నుంచి అమెరికాలోని మొహావి దాకా పెరిగే దాని చుట్టం, సింట్రిక్యా కానినెర్విస్ అనే ఎడారినాచు, ఎండితే నల్లగా పొక్కులా ఉంటుంది, నీళ్లు చల్లితే సెకన్లలో పచ్చబడుతుంది. చైనా శాస్త్రవేత్తలు దాన్ని సున్నాకు దిగువన 80 డిగ్రీల చలిలో ఐదేళ్లు ఉంచారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో 30 రోజులు ముంచారు. తీసి తడిపితే మళ్లీ చిగురించింది. ఈ ఫలితాలు 2024లో వెలువడ్డాయి. అంగారకుడి మీదికి మొదట పంపాల్సిన మొక్క ఇదేనని అప్పట్నుంచి కొందరు ఉత్సాహపడుతున్నారు. ఉత్సాహం మంచిదే గానీ, ప్రయోగశాలలో డబ్బా దాటి రావడం వేరు, అక్కడ కాపురం పెట్టడం వేరు.

ఇక 400 ఏళ్ల సంగతి. కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో టియర్‌డ్రాప్ అనే హిమానీనదం ఉంది. 1550 నుంచి 1850 దాకా సాగిన చిన్న మంచుయుగంలో అది ముందుకు జరిగి కింద ఉన్న నాచునంతా కప్పేసింది. ఇప్పుడది ఏడాదికి మూడు నాలుగు మీటర్ల చొప్పున వెనక్కి పోతోంది. అల్బెర్టా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ లా ఫార్జ్ ఆ అంచు వెంట నడుస్తుంటే, మంచు కింద నుంచి అప్పుడే బయటపడిన నల్లబడ్డ నాచులో అక్కడక్కడా పచ్చదనం కనిపించింది. మామూలుగా అయితే గాలికి వచ్చిపడ్డ కొత్త మొలకేదో అనుకుని వదిలేస్తారు. ఆమె వదల్లేదు. నమూనాలు తెచ్చి, నూరి, మట్టికుండీల్లో చల్లితే నాలుగు జాతులు మళ్లీ మొలిచాయి. 2013లో ఈ ఫలితం ప్రకటించేదాకా, హిమానీనదం కింద నలిగిన మొక్క చచ్చినట్టేనని అందరి లెక్క.

ఆ రికార్డు ఏడాది కూడా నిలవలేదు. 2014 మార్చిలో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన పీటర్ కాన్వే బృందం అంటార్కిటికాలోని సిగ్నీ దీవి నాచు కథ చెప్పింది. అది బండ మీది పల్చటి పొర కాదు, వేల ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి పేరుకున్న నాచుదిబ్బ. అడుగుభాగం ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. దాంట్లోకి గొట్టం దింపి తీసిన నమూనాను నిలువునా చీల్చి, 17 డిగ్రీల వెచ్చదనంలో, వెలుతురులో పెట్టారు. వాళ్లు చేసిందల్లా అంతే. కొన్ని వారాలకు 110 సెంటీమీటర్ల లోతు నుంచి వచ్చిన ముక్కకు చిగుళ్లు వచ్చాయి. వయసు కడితే 1,500 ఏళ్ల పైమాటే. బీజం కాదు, గింజ కాదు, అదే పాత కాడ. అది గడ్డకట్టిన నాటికి రోమన్ సామ్రాజ్యం పశ్చిమాన ఇంకా కూలలేదో, అప్పుడే కూలుతోందో. ఈ మొత్తం జాబితాలో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దీనికే.

నాచులో అద్దెకుండే జీవులూ తక్కువ తినలేదు. జపాన్ శాస్త్రవేత్తలు 1983లో అంటార్కిటికాలో కొంత నాచు తీసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టారు. 2014లో కరిగిస్తే అందులో ఎనిమిది కాళ్ల టార్డిగ్రేడ్లు రెండు కదిలాయి. వాటిలో ఒకటి పూర్తిగా కోలుకుని గుడ్లు కూడా పెట్టింది. ముప్పై ఏళ్ల నిద్ర తర్వాత మొదట చేసిన పెద్దపని సంసారం.

ఆగని నాచులు

అన్నీ ఆగేవేనంటే ఒప్పుకోనివి రెండున్నాయి.

మొదటిది హిమానీనదపు ఎలుకలు. పేరు పెట్టింది ఐస్లాండ్ వాతావరణ శాస్త్రవేత్త యోన్ ఐథోర్సన్, 1951లో. ఇవి నిజం ఎలుకలు కావు, మంచు మీద దొర్లే నాచుబంతులు. చిన్న రాయో, ఇసుకముద్దో మధ్యలో ఉంటే దాని చుట్టూ అన్నివైపులా నాచు పెరుగుతుంది. అన్నివైపులా బతికుందంటే, తిరగబడుతూ ఉందన్నమాటే కదా. అలాస్కాలోని రూట్ హిమానీనదం మీద 2009లో శాస్త్రవేత్తలు 30 బంతులకు పూసల గాజులు తొడిగి, వాటి జాడ తీశారు. రోజుకు సగటున రెండున్నర సెంటీమీటర్లు కదిలాయి. అదొక్కటే అయితే సరేననుకోవచ్చు. గొర్రెలమందలా అన్నీ ఒకేసారి, ఒకే దిక్కుకు కదిలాయి. మొదట దక్షిణానికి, తర్వాత పడమటికి. నేల వాలును చూస్తే కుదరలేదు. గాలి దిక్కు సరిపోలేదు, ఎండ లెక్కా తేలలేదు. బంతి కింద మంచు నీడ వల్ల ఆలస్యంగా కరిగి పీటలా నిలుస్తుందని, బంతి దాని మీదనుంచి జారి పడుతుందని ఒక ఊహ. కదలడానికి అది జవాబే. అన్నీ కలిసి కదలడానికి కాదు. ఆ పరిశోధన 2020లో అచ్చయ్యేనాటికి ఆ ప్రశ్న అలాగే ఉంది.

రెండోది టకాకియా. దీనికి మన దేశంతో సంబంధముంది. 1840ల చివర సిక్కింలో తిరిగిన జోసెఫ్ హుకర్ తెచ్చిన నమూనాల్లో ఒక చిన్న మొక్కను విలియం మిట్టెన్ 1861లో లివర్‌వర్ట్ అనే వేరే కుటుంబంలో జమకట్టి పక్కన పెట్టాడు. అదలా పడి ఉండగా, జపాన్ పర్వతాల్లో నోరివో టకాకికి అలాంటిదే ఇంకోటి దొరికింది. 1958లో దానికి ఆయన పేరే పెట్టారు. ఇది అసలు నాచా, కాదా అన్న తగువు ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. ఎందుకంటే గుళిక ఎవరికీ కనిపించలేదు. చివరికి అలాస్కా కొసనున్న అల్యూషన్ దీవుల్లో దొరికింది, వివరాలు 1993లో ప్రచురించారు. ఆ గుళికకు మెలితిరిగిన ఒకే చీలిక. ఆండ్రియేయాకు నాలుగు, దీనికి ఒకటి. నాచే అని తేలింది. క్రోమోజోములు లెక్కిస్తే నాలుగో, ఐదో. నాచుల్లో ఇంతకంటే తక్కువ లేదు.

2023లో టిబెట్ నమూనాల మీద ఇంకో సంగతి బయటపడింది. ఈ వంశం వయసు 39 కోట్ల ఏళ్లు. హిమాలయాలు పైకి లేవకముందు నుంచీ ఉంది. కొండ లేస్తుంటే దాంతోపాటే లేచింది. రూపం పెద్దగా మారలేదు గానీ, వేగంగా మారుతున్న జన్యువుల లెక్క తీస్తే తోటి మొక్కలన్నిటికంటే ముందుంది. అయినా నేటి వేడి దానికంటే జోరుగా ఉంది. టిబెట్‌లో పరిశీలించిన చోట్ల దాని విస్తీర్ణం ఏటా 1.6 శాతం చొప్పున తరిగింది.

సాక్షి సంతకం, పెంగ్విన్ ఎరువు

1991లో ఆల్ప్స్ పర్వతాల్లో, 3,210 మీటర్ల ఎత్తున, 5,300 ఏళ్ల నాటి మనిషి శవం మంచులోంచి బయటపడింది. ఓట్జీ అని పిలుస్తారు. అతని చుట్టూ, బట్టల్లో, కడుపులో దొరికిన నాచులూ వాటి చుట్టాలూ కలిపి 75 జాతులు. 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం వాటిలో ఆ ఎత్తున నేడు పెరిగేవి 30 శాతమే. మిగతావి కింది లోయల సరుకు. ఏ లోయ నుంచి కొండెక్కాడో చెప్పడానికి పోలీసులకు వేలిముద్రలు పనికొచ్చినట్టే, పరిశోధకులకు ఈ ఆకుముక్కలు పనికొచ్చాయి.

అంటార్కిటికాలో సొంతంగా పూసే మొక్కలు రెండే. నాచులు వందకు పైన. వాటికి ఎరువెక్కడిదని వెతికితే తూర్పు తీరంలో వింత జవాబు దొరికింది. నాచులోని నత్రజని పెంగ్విన్ రెట్టది. పెంగ్విన్లేమో దరిదాపుల్లో లేవు. 3,000 నుంచి 8,000 ఏళ్ల కింద అక్కడ కాపురముండి వెళ్లిపోయిన గుంపులవి. ఆ చలిలో రెట్ట కూడా చెడిపోలేదు. అదే ఖండంలోని మన భారతి పరిశోధనా కేంద్రం దగ్గర దొరికిన నాచును కొత్త జాతిగా పంజాబ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించి, బ్రయం భారతియెన్సిస్ అని పేరు పెట్టారు.

మంచును తెచ్చింది కూడా నాచులేనా?

సుమారు 47 కోట్ల ఏళ్ల కింద మొదటి మొక్కలు నేలకెక్కాయి. అవి నాచుల్లాంటివే. నేల అంటే అప్పుడు రాయే. నాచు రాతిని కరిగిస్తుంది. కరిగిన కాల్షియం, మెగ్నీషియం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి చివరికి సముద్రం అడుగున సున్నపురాయిగా చేరతాయి. భాస్వరం సముద్రంలోకి కొట్టుకుపోయి అక్కడి జీవాన్ని పెంచుతుంది. అదీ కార్బన్‌ను మింగుతుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమోతీ లెంటన్ బృందం రాళ్ల మీద నాచు పెంచి, ఎంత కరిగిందో కొలిచి, 2012లో ఒక వాదన ముందుకు తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన మంచుయుగానికి ఈ అరంగుళం మొక్కలే కారణమని. లెక్కల మీద అభ్యంతరాలు ఉన్నాయి. నాకు మాత్రం ఇది నచ్చింది. చలిలో ఇరుక్కుపోయిందని మనం జాలిపడే నాచు, చలిని తనే తెచ్చుకుని ఉండొచ్చు.

కరిగే మంచు, తొక్కే కాళ్లు

ఇప్పుడు మంచు పోతుండటం వీటి సమస్య. ఆండ్రియేయాల్లో నివాలిస్ అనేది, స్కాట్లాండ్‌లో కేర్న్‌గార్మ్స్, బెన్ నెవిస్ కొండల మీద, వేసవి చివరిదాకా కరగని మంచుమడుగుల అంచునే బతుకుతుంది. మంచు దానికి దుప్పటి, కుళాయి కూడా. అది పల్చబడితే, ఇన్నాళ్లూ అక్కడికి రాలేని గడ్డీ మామూలు నాచులూ వచ్చి చోటు ఆక్రమిస్తాయి. బ్రేరియాక్ కొండ మీద స్ఫింక్స్ అని పిలిచే మంచుముద్ద ఉంది, బ్రిటన్‌లో ఎక్కువకాలం నిలిచేది అదే. 20వ శతాబ్దం మొత్తంలో అది పూర్తిగా కరిగింది మూడేసార్లు, 1933, 1959, 1996లలో. ఈ శతాబ్దంలో 2022 నాటికే 2003, 2006, 2017, 2018, 2021, 2022లలో. అంటే 22 ఏళ్లలోనే ఆరుసార్లు.

అంటార్కిటికాలో గాలి తీరు మారి కొన్నిచోట్ల నాచుకు నీరు తగ్గింది. పచ్చటి నాచు ఎర్రబడి, ఆపైన బూడిదరంగుకు తిరుగుతోంది. ఎరుపంటే ఒత్తిడి, బూడిదంటే దాదాపు చావే. 2018లో రాబిన్సన్ బృందం ప్రచురించిన లెక్కలో, అక్కడ మాత్రమే పెరిగే షిస్టిడియం అంటార్క్‌టిసీ వెనక్కి తగ్గుతోంది, కాస్త పొడిని తట్టుకునే వేరే జాతులు ముందుకొస్తున్నాయి.

వీటన్నిటికంటే సులువుగా ఆపగలిగిన ప్రమాదం ఐస్లాండ్‌ది. 1783లో లాకి అగ్నిపర్వతం చిమ్మిన లావా మీద నేడు రాకోమిట్రియం నాచు మెత్తటి పరుపులా కమ్ముకుని ఉంది. ఆ పరుపు మీద ఒక్క అడుగు గుర్తు ఏళ్లతరబడి మానదు. అక్కడికి దగ్గర్లోనే ఫ్యాథ్రార్‌గ్లూఫుర్ అనే లోయ. 2015లో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ తన వీడియోలో అక్కడి నాచును తొక్కుతూ తిరిగాడు. తర్వాత పది లక్షలకు పైగా జనం ఆ లోయకు వచ్చారు. తొక్కిడికి నాచు లేచిపోయి 2019లో దారికి కంచె కట్టి మూసేయాల్సి వచ్చింది. కాపలా ఉన్న రేంజరుకు లంచాలివ్వజూపినవాళ్లకు కొదవలేదు. ఎక్కువమంది తమ దేశపు తినుబండారాలు పట్టుకొచ్చేవారట. ఒకరు మాత్రం దుబాయ్‌కి ఉచిత ప్రయాణమే ఇస్తామన్నారని అప్పటి వార్తల్లో వచ్చింది.